ఫైర్‌మన్ నూకరాజు ఊపిరి

నూకరాజు పరుగు చూసినవాళ్లకు అతను ఈతలో మునిగిపోతాడంటే నమ్మకం కుదిరేది కాదు. ఈత చూసినవాళ్లకేమో అతను ఇంకా బతికే ఉన్నాడంటే నమ్మకం కుదిరేది కాదు. రెండూ చూసినవాళ్లు మాత్రం నవ్వుకునేవారు. రాయపూర్ రైల్వే కాలనీలో రెండూ చూడనివాళ్లు తక్కువే.

అతనిది బొబ్బిలి దగ్గర పల్లె. మీసాలు మొలిచే వయసులో మేనమామ వెంట రైలెక్కి వచ్చి, చిన్న రైలు షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరాడు. తుడిచీ తుడిచీ ఫైర్‌మన్ అయ్యాడు. రాయపూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్తరి పోయే బుల్లి బండిలో, డ్రైవరు రామయ్య పక్కన నిలబడి బొగ్గు వేసేవాడు. ఈ కథ జరిగేనాటికి, అంటే దేశానికి స్వతంత్రం వచ్చి ఆరేడేళ్లయ్యేసరికి, అతనికి ముప్పై నాలుగేళ్లు. పెళ్లాం గంగాభవాని, గుమ్మం పక్కన ఒక ములగచెట్టు, పెరట్లో రెండు కోళ్లు. అంతకు మించి ఆస్తి లేదు. దిగులూ లేదు, ఒక్క ఈత దిగులు తప్ప.

పరుగంటే అతనికి తిండికన్నా ఇష్టం. సెలవు రోజు తెల్లారగానే తెలీబంధా స్టేషను దాకా పోయి, అక్కడ బుల్లి బండి కోసం కాచుకుని, అది రాగానే పట్టాల పక్కనున్న బండ్లబాట మీద దాంతో పోటీ పడేవాడు. ఆ బండి నడక తెలిసినవాళ్లకు ఇదేమంత ఘనకార్యం అనిపించదు. రేగుపళ్లు ఏరుకోవడానికి దిగినవాళ్లు తీరిగ్గా మళ్లీ అదే పెట్టె ఎక్కగలిగిన బండి అది. అయినా మానా స్టేషను దాకా ఆగకుండా ఉరకడం మాటలు కాదు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "షాబాష్ ఫైర్‌మన్!" అని కేకలు వేసేవారు. జామకాయలమ్మే ముసలమ్మ ఒకతె అతని మీదికి ఒక కాయ విసిరేది. పరుగు ఆపకుండా దాన్ని పట్టుకుని తినడం నూకరాజు గొప్పల్లో ఒకటి.

ప్రతి డిసెంబరులో రైల్వే క్లబ్బువాళ్లు ఒక పోటీ పెట్టేవారు. క్లబ్బు మైదానం నుంచి తెలీబంధా చెరువుదాకా పరుగు. చెరువు ఈదుకుంటూ అవతలి గట్టుకు చేరాలి. అక్కణ్నుంచి రైలు గేటు దాటి మళ్లీ మైదానానికి పరుగు. రైల్వేవాళ్లూ పాల్గొనవచ్చు, ఊళ్లోవాళ్లూ పాల్గొనవచ్చు. చెరువుదాకా నూకరాజును మించినవాడు లేడు. వెనకవాళ్లు కనుచూపు మేరలోకి రాకముందే అతను నీళ్లలో దూకేవాడు. అక్కడితో అతని గొప్ప అయిపోయేది.

చిన్నప్పుడు వీపుకు జీలుగు బెండు కట్టుకుని బావిలో నేర్చుకున్న ఈత అతనిది. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది. పట్టుకుని ఆయాసం తీర్చుకోవచ్చు. చెరువు నడిమధ్యలో గోడ ఎవడు కడతాడు? మొదటి ఏడు చెరువు సగంలో చేతులాడక మునుగుతుంటే, కాపలా పడవవాడు జుట్టు పట్టుకుని పైకి లాగాడు. రెండో ఏడు అదే చోట, అదే పడవవాడు, అదే జుట్టు. తేడా ఏమిటంటే ఈసారి పడవవాడు పలకరించాడు కూడాను.

క్లబ్బు కార్యదర్శి సూర్యారావు గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మెత్తని మనిషి. అతను నూకరాజును పక్కకు పిలిచి చెప్పాడు. "నాయనా, నీకేవన్నా అయితే మీ ఆవిడకి మేం మొహం చూపించలేం. వచ్చే ఏడు కూడా పడవెక్కేవంటే ఇంక నీ పేరు రాసుకోం. ఇది కమిటీ మాట. నా మీద కోపం పెట్టుకోకు."

ఆ మాట నూకరాజుకు ముల్లులా గుచ్చుకుంది. మొదటి బహుమతి సంగతి దేవుడెరుగు. పడవెక్కకుండా, తన కాళ్ల మీద తను గట్టెక్కాలి. లేకపోతే ఆ పోటీ జన్మలో మళ్లీ లేదు. కుళాయి దగ్గర గంగాభవాని బాధ వేరు. పక్కింటి పైడమ్మ బిందె పెడుతూ, "ఏటే గంగా, మీ ఆయన ఈయేడు కూడా పడవ సికారెల్తాడేటి?" అనేది. నీళ్లు నిండేదాకా అందరూ నవ్వేవారు.

దసరా వెళ్లగానే నూకరాజు సాధన మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి, ఒళ్లంతా బొగ్గుమసితోనే నేరుగా చెరువుకు పోయేవాడు. తోడు రామయ్య. రామయ్యది చీపురుపల్లి. నూకరాజుకు చుట్టం కాదు గానీ, బాబాయ్ అని పిలిపించుకునేవాడు. ముప్పై ఏళ్లు నిప్పు పక్కన బతికిన ఆ మనిషికి నీళ్లంటే చచ్చేంత భయం. గట్టు మీద, అదీ నాలుగడుగులు వెనక్కి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. "నువ్వు మునిగితే నాను కేకేస్తాను. అంతకన్నా నావల్ల కాదు," అని ముందే చెప్పేశాడు.

మొదటి పాఠం చెప్పింది బిసాహు. అతను పడవలు నడిపే కేవట్ల కులం కుర్రాడు, ఊళ్లో పోస్టుమాన్. పోయిన ఏడు పోటీలో గెలిచింది అతనే. ఒక సాయంత్రం చెరువులో గేదెల్ని కడుగుతున్న అన్న కోసం వచ్చి, నూకరాజు అవస్థ చూసి ఉండబట్టలేక నీళ్లలోకి దిగాడు.

"భైయా, పానీ మా ఝన్ దౌడ్!" అన్నాడు. నీళ్లలో పరిగెత్తకు అని.

నిజమే. నూకరాజు నీళ్లలోనూ పరుగే తీస్తున్నాడు. మోకాళ్లు ముడిచి, పాదాలు బిర్రబిగించి, నేల మీద తన్నినట్టే తన్నుతున్నాడు. నీటికి అవి బ్రేకులు. బిసాహు అతని మడమలు పట్టుకుని, పాదాలు వదులుగా, తడిగుడ్డ విదిలించినట్టు ఎలా ఆడించాలో చూపించాడు. తనమీద పోటీకి వచ్చేవాడికే పాఠం చెబుతున్నావేమిట్రా అని అన్న తిడితే, పోటీ అన్నాక ఇద్దరుండాలి కదా అన్నాడట.

పది రోజుల్లో కాళ్లు దారికొచ్చాయి. మనిషి మాత్రం గట్టెక్కలేదు. ఎంత చక్కగా మొదలుపెట్టినా చెరువులో మూడోవంతు వెళ్లేసరికి మొహం కందిపోయేది, కళ్లు బైర్లు కమ్మేవి, చేతులు బరువెక్కేవి. బండితో పోటీపడి మానా దాకా పరిగెత్తినా రాని ఆయాసం, ఆ కాస్త నీళ్లలో వచ్చేసేది. వెనక్కి తిరిగి, ఎలాగో గట్టుకు కొట్టుకొచ్చి, బురదలో బోర్లా పడుకుని, "నాకు నీటిగండం ఉందేమో బాబాయ్," అనేవాడు.

 రామయ్య చుట్ట కాల్చుకుంటూ చూసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి చుట్ట నోట్లోంచి తీసేసి, భయం కూడా మరచిపోయి మోకాలి లోతు నీళ్లలోకి వచ్చేశాడు.

"ఒరే నూకా! ఆగరా! నువ్వు ఈత కొట్టడం నేదురా. బొగ్గేస్తన్నావు!"

నూకరాజుకు అర్థం కాలేదు. గట్టుమీదికి లాక్కొచ్చి కూర్చోబెట్టి రామయ్య విడమరిచి చెప్పాడు.

ఫైర్‌బాక్సు తలుపు తీయగానే సెగ మొహాన కొడుతుంది. ఆ సెగకు ఎదురుగా ఊపిరి పీలిస్తే గుండెలు మాడిపోతాయి. అందుకని ఫైర్‌మన్ తలుపు తీసేముందు రొమ్ము నిండా గాలి నింపుకుని, బిగబట్టి, గబగబా బొగ్గు విసిరి, తలుపు వేసి, మొహం బయటికి తిప్పి అప్పుడు వదులుతాడు. పదేళ్లుగా రోజూ వందలసార్లు అదే పని. ఇప్పుడు నూకరాజు మొహం నీళ్లలోకి వంగగానే అతని రొమ్ము దాన్ని ఫైర్‌బాక్సే అనుకుంటోంది. తలుపు తీశారు కాబోలు అని బిగుసుకుపోతోంది. పైకి తల తిప్పిన ఆ రెప్పపాటు పాతది వదలడానికే సరిపోతోంది. కొత్తది పీల్చడానికి వ్యవధి ఎక్కడిది?

"ఇంజను సూడు. పాత స్టీము బయటికి పోతేనే గదా కొత్త స్టీము లోనికొస్తాది? నువ్వు పాతదంతా కడుపులో దాసుకుని కొత్తదానికి దోవేదీ అని ఏడుస్తన్నావు. నీల్లలో మొకం ఉన్నప్పుడే వదిలీ. అంతా వదిలీ. తల తిప్పినప్పుడు పీల్సు. అంతే!"

నూకరాజు మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "బాబాయ్, ఊపిరి బిగబట్టమని మొదటిరోజు నాకు నేర్పింది నువ్వే గదా?"

"నానే," అన్నాడు రామయ్య, నవ్వాపుకోలేక. "నా తలకాయ! నేర్పినోడే మాన్పించాల. ఏటి చేస్తాం? రేపట్నుంచి నిప్పు కాడ బిగబట్టు, నీల్ల కాడ వదులు. రెండూ తారుమారు చేసీకు, సచ్చిపోతావు."

చెప్పినంత తేలిక కాదు. పదేళ్ల అలవాటు ఒక్కపూటలో పోతుందా? అందుకని నూకరాజు ఇంట్లోనే సాధన పెట్టాడు. పెరట్లో ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పోసి, వంగి, మొహం ముంచి, బుడబుడమని గాలి వదిలేవాడు. గంగాభవాని పక్కన కూర్చుని కూర తరుగుతూ, బుడగలు ఆగిపోతే గరిటెతో వీపు మీద ఒకటి వేసేది. "బిగబట్టీసినావు. వదులు!"

ఒకరోజు పైడమ్మ చింతపండు అప్పడగడానికి వచ్చింది. చూస్తే నూకరాజు తల గంగాళంలో ఉంది. చేతులు అంచును బిగించి పట్టుకున్నాయి. పెళ్లాం గరిటె ఎత్తి వీపు మీద బాదుతోంది.

"ఓలమ్మో! ఓలమ్మోలమ్మో! పడవెక్కినాడని మొగుణ్ని సంపేస్తందిరో! రండర్రా!"

కాలనీ కాలనీ దిగింది. సూర్యారావు చేతిలో కలంతోనే వచ్చాడు. గంగాళంలోంచి తల తీసిన నూకరాజుకు పెరడంతా జనం కనబడ్డారు. ఎవరో అతని చెయ్యి పట్టుకుని, బతుకు విలువ గురించి హిందీలో నచ్చజెప్పడం మొదలుపెట్టారు. గంగాభవాని గరిటె నడుముకు ఆనించి నిలబడి, "ఓలప్పా, ఆయన్ని నానెందుకు సంపుకుంటాను? ఊపిరి నేర్పిస్తన్నాను!" అంది. ఆ మాటతో ఉన్న అనుమానం కాస్తా ఎక్కువైంది. అసలు సంగతి చెప్పి అందర్నీ పంపేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయింది. పైడమ్మ మటుకు చింతపండు పట్టుకెళ్లడం మరవలేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పరిగెత్తేటప్పుడు తన ఊపిరి ఎలా ఆడుతుందో నూకరాజు మొదటిసారి గమనించుకున్నాడు. అక్కడ అసలు బిగబట్టడమే లేదు. అడుగుల లెక్కన దానంతట అదే పోతోంది, వస్తోంది. ఆ పరుగు ఊపిరినే చేతులకు అప్పజెప్పాడు. పొద్దున్న పరుగు, సాయంత్రం ఈత. నవంబరు వెళ్లేసరికి చెరువులో సగం దాటాడు. డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం అవతలి గట్టుకు దగ్గర దగ్గరగా వెళ్లి, ఆనందం పట్టలేక నీళ్లలోనే "బాబాయ్!" అని అరిచి, నోటినిండా నీళ్లు మింగి, దగ్గుకుంటూ వెనక్కి వచ్చేశాడు. పూర్తిగా దాటడం ఇంకా మిగిలే ఉంది.

పోటీ ముందురోజు చెడ్డకబురు వచ్చింది. ధమ్తరి బండి డ్రైవరు ఒకాయనకు జ్వరం తగిలింది. అతని బదులు పొద్దున్న బండి రామయ్యే తీసుకుపోవాలి. నూకరాజుకు సెలవు దొరికింది గానీ, రామయ్యకు దొరకలేదు. ఇన్నాళ్లు గట్టు మీద కూర్చున్న మనిషికి అసలు రోజున కూర్చునే రాత లేదు.

"నువ్వు లేకపోతే నేనెలా?" అన్నాడు నూకరాజు చిన్నపిల్లాడిలా.

"నానుంటే మాత్రం ఏటి సేస్తాను? కేకేస్తాను. అది పైడమ్మ నాకన్నా బాగా ఏస్తాది," అన్నాడు రామయ్య. అని, అటు తిరిగి చాలాసేపు ఇంజను ఇత్తడి తుడుస్తూ ఉండిపోయాడు. ఆ ఇత్తడి అప్పటికే తళతళలాడుతోంది.

పోటీనాడు మంచు పట్టింది. ఎప్పటిలాగే నూకరాజు అందరికన్నా ముందు చెరువు చేరాడు. దూకాడు. చలికి ఒళ్లు జివ్వుమంది. దూకగానే రొమ్ము బిగుసుకుంది. పాత ఫైర్‌మన్ లోపల మేలుకున్నాడు. బారలు వేస్తున్నాడు గానీ, గాలి కదలడం లేదు. ఒక్కొక్కరే అతన్ని దాటిపోతున్నారు. ముందు బిసాహు, తర్వాత ఇంకొకడు, ఇంకొకడు.

పడవవాడికి ఇదంతా తెలిసిన వ్యవహారమే. మిగతావాళ్లను వదిలేసి నేరుగా నూకరాజు పక్కకు వచ్చి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, చెయ్యి సిద్ధంగా చాచుకుని కూర్చున్నాడు. "ఆజా భైయా, కాహే తకలీఫ్," అన్నాడు ప్రేమగా, వచ్చెయ్, ఎందుకీ అవస్థ అని. ఆ చెయ్యి జానెడు దూరంలో ఉంది. నూకరాజు దాన్ని చూశాడు. పట్టుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేం. పట్టుకుంటే ప్రాణానికి హాయి. కానీ ఇక ఎప్పటికీ గట్టు మీద జనంలో ఒకడిగా నిలబడి చూడాల్సిందే.

మొహం నీళ్లలో పెట్టి, ఉన్నదంతా బుడబుడమని వదిలేశాడు. లోపల ఏమీ మిగల్చలేదు. తల తిప్పేసరికి కొత్తగాలి దానంతట అదే జొరబడింది. మళ్లీ వదిలాడు. మళ్లీ వచ్చింది. పడవవాడు కాసేపు చెయ్యి చాచే ఉంచి, ఆ తర్వాత మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నడిచెరువు ఎప్పుడు దాటాడో నూకరాజుకు తెలియదు. మోకాలికి బురద తగిలింది. లేచి నిలబడ్డాడు. తన కాళ్ల మీద తను.

గట్టు మీద గంగాభవాని ఏడుస్తోంది. అతను కూడా చేతులు వేలాడేసి, నీళ్లు కారుతూ, పిచ్చి నవ్వుతో అక్కడే నిలబడిపోయాడు.

"నిలబడిపోయావేటి మావా, ఎల్లు! ఇంకా పరుగుంది గదా! ఎల్లూ!" అని ఆమె కొంగుతో అదిలించింది.

అప్పుడు గుర్తొచ్చింది. పరుగంటే ఇంక అతన్ని ఆపేదెవరు? ఒక్కొక్కణ్నే దాటుకుంటూ పోయాడు. రైలు గేటు కనబడేసరికి ముందు మిగిలింది బిసాహు ఒక్కడే, అదీ నాలుగు బారల దూరంలో. గేటు కడ్డీ కిందికి దిగుతోంది. పొద్దుటి ధమ్తరి బండి ఎప్పటిలాగే ఆలస్యంగా, ఇప్పుడే వస్తోంది. బిసాహు తల వంచి కడ్డీ కిందనుంచి దూరి పట్టాలు దాటేశాడు. గేటుమాన్ తిట్లు అతన్ని అందుకోలేకపోయాయి.

బండి ఇంకా దూరంలోనే ఉంది. నూకరాజూ దూరిపోవచ్చు. కానీ కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మూసిన గేటు కింద దూరే మనిషి ఇంజను మీదున్నవాడి కంటికి ఎలా కనబడతాడో బిసాహుకు తెలియదు. నూకరాజుకు తెలుసు. ఎన్నిసార్లు రామయ్య చెయ్యి బ్రేకు మీదికి దూకడం చూశాడో! "భాగో, భాగో!" పరిగెత్తమని జనం అరుస్తున్నారు. అతను కడ్డీ పట్టుకుని నిలబడి, ఆ బండినీ, దాని నడకనీ, దాన్ని చేసినవాణ్నీ నోరారా తిట్టాడు.

తిట్లు సగంలో ఉండగా ఇంజను దగ్గరికి వచ్చింది. పక్కనుంచి ఎర్ర రుమాలు చుట్టిన తల బయటికి వంగింది. రామయ్య.

రామయ్య చూశాడు. తడి నిక్కరు. కాళ్లకు చెరువు అవతలి గట్టు నల్లబురద. పక్కన పడవ లేదు, సూర్యారావు లేడు, ఎవరూ లేరు. మనిషి తన కాళ్ల మీద తను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గేటుకు వేయాల్సిన ఈల ఎప్పుడో వేసేశాడు. అయినా మళ్లీ ఈల తాడు అందుకుని లాగాడు. లాగుతూనే ఉన్నాడు. ప్రయాణికులు ఏమైందోనని కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. రామయ్య ఏదో అరుస్తున్నాడు. నూకరాజు ఏదో అరుస్తున్నాడు. ఆ ఈల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడితే ఒట్టు.

అప్పుడు రామయ్య తాడు వదిలి, అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, బుగ్గలు పూరించి, "వదిలావా?" అన్నట్టు తల ఎగరేశాడు.

నూకరాజు రొమ్ము నిండా గాలి పీల్చుకుని, కడ్డీ మీదుగా ముందుకు వంగి, బండి మీదున్న మనిషికి కనబడేలా అంతా ఒక్కసారిగా వదిలేశాడు. రామయ్య రుమాలు లాగి కళ్లు ఒత్తుకున్నాడు. బొగ్గు నలుసు పడిందనడానికి గాలి అటువైపు లేదు.

బుల్లి బండి తన తీరిక కొద్దీ, ఒక్కొక్క పెట్టె లెక్కపెట్టుకుంటున్నట్టు దాటింది. గేటు లేచింది. ఈలోగా వచ్చి చేరిన ముగ్గురు నూకరాజును తోసుకుని ముందుకు పరిగెత్తారు. అతను మటుకు బండి వైపే చెయ్యి ఊపుతూ ఉండిపోయాడు. "జా భాయీ, గాడీ తో గయీ," బండి పోయింది, వెళ్లవయ్యా అని గేటుమాన్ రెండోసారి గదిమాక గానీ కదల్లేదు.